దిగువ చేను నాకెందుకు వద్దంటే

సభకు అధ్యక్షత వహిస్తున్న జిల్లా వ్యవసాయ శాఖ డైరెక్టరమ్మ మదాం కూలిబాలి గారికి, ఈ తియార్కో ఊరి భూముల పంపకం చూసే భూమిపెద్ద లాసినా మిల్లోగో గారికి, పత్తి సంఘం పెద్దలకు, బడి పంతుళ్లకు, కుడివైపు వరసగా కూర్చున్న దిగువ చేను ఆడవాళ్లకు, టార్పాలిన్ నీడ చాలక గోడవారకు సర్దుకున్నవాళ్లకు, ఈ ముసలాడు ఎప్పుడు ముగిస్తాడా, సంకటి ఎప్పుడు వడ్డిస్తారా అని పొయ్యిల వైపు చూస్తున్నవాళ్లకు, అందరికీ దెంబా సిదిబే నమస్కారాలు. పొయ్యిల వైపు చూసేవాళ్లలో నేనూ ఉన్నాను. పొద్దుటి నుంచి ఏడుగురు మాట్లాడారు, ఏడుగురూ నన్ను పొగిడారు. ఇంత పొగడ్త కడుపులో పడ్డాక ఆకలి వెయ్యకూడదు, కానీ వేస్తోంది.

భూమిపెద్దను నేను బావగారు అంటాను. ఎందుకో మీ అందరికీ తెలుసు. మేం ఫులానీలం, పశువులు కాసుకునేవాళ్లం. మీరు బోబోలు, నేల దున్నుకునేవాళ్లు. మన తాతల తాతల నాడే మన మధ్య వేళాకోళపు చుట్టరికం కలిపిపెట్టారు. ఆయన నన్ను పాలదొంగ అంటారు, నేనాయన్ని మా ఇంటి బానిస అంటాను, ఎవరికి కోపం వస్తే తప్పు వాళ్లది. నేను ఈ ఊరు వచ్చిన మొదటిరోజు మోపెడ్ దిగకముందే ఆయన ఎదురొచ్చి, "ఏరా ఫులానీ, ఆవు తప్పిపోయిందా, నువ్వే తప్పిపోయావా?" అన్నారు. "మా బానిసలు పని చేస్తున్నారో లేదో చూసి రమ్మని మా నాన్న పంపాడు" అన్నాను. ఆ రాత్రి వాళ్లింట్లోనే తిని వాళ్లింట్లోనే పడుకున్నాను. అది జరిగి ఇరవై ఆరేళ్లు. ఇన్నేళ్లలో ఆయన నన్ను పేరుపెట్టి, వెనకాల 'గారు' తగిలించి పిలిచింది ఒక్కసారే. అది ఇవాళే, ఇందాకే, ఈ మైకులో. ఆ 'గారు' విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

(నవ్వులు)

అనుమానం నిజమైంది. బావగారు లేచి, గొంతు సవరించుకుని, దిగువ చేను రెండు హెక్టార్లూ దెంబా గారికి ఇస్తున్నాం, ఉద్యోగం అయిపోయిందని ఊరు విడిచి పోకుండా ఇక్కడే ఇల్లు కట్టుకుని మాతోనే ఉండమంటున్నాం అన్నారు. సభంతా చప్పట్లు. డైరెక్టరమ్మ కూడా నిలబడి మరీ కొట్టారు. పరాయి ఊళ్లో ఉద్యోగం చేసి, పోయేటప్పుడు భూమి కానుకగా పొందినవాడు మా శాఖలో ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు. నాకు సంతోషమేసింది, అబద్ధం చెప్పను. అయితే చప్పట్లు కొడుతున్నప్పుడు నేను కుడివైపు చూశాను. దిగువ చేను ఆడవాళ్లు పందొమ్మిదిమంది కూర్చున్నారు. ఒక్కరి చెయ్యీ లేవలేదు. లేస్తుందా? మీరు నాకిచ్చింది వాళ్లు తొమ్మిదేళ్లుగా సాగు చేస్తున్న చేను.

చేను సంగతి తర్వాత నెమ్మదిగా ఇంట్లో మాట్లాడుకుందాం అని ఇప్పుడు దాటేస్తే మర్యాదగా ఉంటుంది. మర్యాద నాకు అంత బాగా రాదు. నాకు ఆ చేను వద్దు. బావగారిని అవమానించడానికి కాదు. ఎందుకు వద్దో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి, సంకటి చల్లారదు, ఇంకా కలుపుతూనే ఉన్నారు.

డైరెక్టరమ్మ తన ప్రసంగంలో నన్ను నేలకు వైద్యుడన్నారు. ఆమె ఈ జిల్లాకు వచ్చి రెండేళ్లే అయింది కాబట్టి ఆ మాట అన్నారు. వెనక వరసలో నెరిసిన తలలు కొన్ని కిందికి దించుకోవటం నేను చూశాను. వాళ్లకు తెలుసు. ఇరవై ఏళ్ల కిందట ఈ ఊళ్లో నా పేరు 'పత్తి దెంబా'. సీసాలు కట్టుకున్న మోపెడ్ మీద వచ్చేవాణ్ణి. పత్తికి ఆరుసార్లు మందు కొట్టాలని చెప్పింది నేను. ఎండోసల్ఫాన్ ఎన్ని మూతలు, నీళ్లు ఎన్ని బకెట్లు అని బడి నల్లబల్ల మీద రాసింది నేను. ఆరుసార్లు కొట్టినా పురుగు చావకపోతే ఎనిమిది సార్లు కొట్టమన్నదీ నేనే. ఊరందరూ చూసి నేర్చుకోవాలని, దారి పక్కనే ఉంటుందని, ఒక చేను ఎంచుకుని అందులో నా చేత్తో నమూనా సాగు చేయించాను. ఏ చేనో పెద్దవాళ్లకు గుర్తుంది. దిగువ చేనే.



ఆ నమూనా చేలో పంపు వీపున మోసినవాడు నెస్తోర్ దావో. అక్కడ దిగువ చేను ఆడవాళ్లలో కూర్చున్న, వాళ్లను నడిపించే క్లెమాన్స్ భర్త. ఊళ్లో అందరికన్నా చురుకైనవాడు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు, అందుకే వాణ్ణి ఎంచుకున్నాను. ముక్కుకు గుడ్డ కట్టుకోమని చెప్పాను. గుడ్డ కట్టుకుంటే ఊపిరాడటం లేదన్నాడు, సరే తీసెయ్యమన్నాను. సాయంత్రానికి వాంతులు. వాళ్లమ్మ పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది. నేనేం చెప్పానో తెలుసా? పాలు తాగించమన్నాను. మా ఫులానీ ఇళ్లలో పాము కరిస్తే పాలు, జ్వరమొస్తే పాలు, పెళ్లాం అలిగితే పాలు. చదువుకున్నవాణ్ణి, సర్కారు సంచీ భుజాన వేసుకున్నవాణ్ణి, మా నాయనమ్మ వైద్యం తప్ప నాకింకేమీ తోచలేదు. మందు తలకెక్కితే పాలు విరుగుడని ఊరంతా నమ్మేసింది. ఆ తర్వాత పది పదిహేనేళ్లు పంపు మోసిన ప్రతివాడూ ముందు ఒక చెంబెడు పాలు తాగి, ఇంకేం భయం లేదని ముక్కుకు గుడ్డ లేకుండా చేలో దిగేవాడు. ఇక్కడే మంద కాసుకునే మా ఫులానీ యెరో పాలమ్ముకుని బాగుపడ్డాడు. యెరో, తల దించుకోకు, నీ తప్పు లేదు, తప్పు నాది.

నెస్తోర్ ఆ రోజు కోలుకున్నాడు. ఇంకో ఎనిమిదేళ్లు పంపు మోశాడు. తర్వాత పోయాడు. దేనివల్ల పోయాడని ఆసుపత్రి కాగితంలో రాయలేదు. ఈ మందు వల్లే అని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను. చెప్పలేకపోవటంతోనే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను.

ఇక నేల సంగతి. నాలుగైదేళ్లు బంగారంలా పండిన దిగువ చేను, ఆ తర్వాత ఎంత ఎరువేసినా మొండికేసింది. వాన పడితే పైన పెంకు కట్టేది. పార వేస్తే ఒక్క వానపాము కనపడేది కాదు. ఊళ్లో గినీకోళ్లు అన్ని చేలల్లోనూ గీరుకు తింటాయి గానీ అందులోకి దిగటం మానేశాయి. ఏరుకోవడానికి ఒక్క పురుగైనా ఉంటే కదా దిగేది. పనికిరాని చేను ఏం చెయ్యాలని మగవాళ్లు కూర్చుని ఆలోచించారు. పాడైన గిన్నె, కుంటి మేక, మొండి చేను, ఇవి ఎవరి పాలవుతాయో ఈ ఊళ్లోనే కాదు, ఏ ఊళ్లోనైనా ఒక్కటే కదా. ఆడవాళ్లు సంఘం పెట్టుకుని, నువ్వులూ బొబ్బర్లూ వేసుకుంటాం, భూమి చూపించండి అని అడిగితే, ఒక పెద్దాయన ఎంతో దయతో దిగువ చేను చూపించారు. ఆ పెద్దాయన పేరు చెప్పను. ఆయన గొడుగు కింద కూర్చున్నారు, చెవులు మాత్రం బాగా వినపడతాయి.

(నవ్వులు)

నువ్వులు కొనే కంపెనీ వాళ్లు ముందు మట్టి పరీక్ష చేయించమన్నారు. రాజధానికి పంపించాం. కాగితం వచ్చింది. కొట్టిన మందు కొట్టినట్టే మట్టిలో కూర్చుని ఉంది. సర్కారు దాన్ని నిషేధించి రెండేళ్లయినా కదల్లేదు. నేను క్లెమాన్స్ ఇంటికి వెళ్లి కాగితం చదివాను. ఇప్పుడేం చెయ్యాలి అంది. "వదిలెయ్యి, వేరే చేను అడుగుదాం" అన్నాను. ఆమె బొబ్బర్లు ఏరుతోంది. తలెత్తలేదు.

"వేరే చేను ఇస్తారా అన్నా?"

"ఇవ్వరు."

"మరి నేనడిగింది, ఏం చెయ్యాలి అని. వదిలెయ్యాలా అని అడగలేదు. ఆ ముక్క ఎవరైనా చెప్తారు, దానికి సర్కారు జీతమెందుకు?"

ఆ మాట పట్టుకుని నేను బోబో పట్టణం వెళ్లి, నాలుగు రోజుల శిక్షణలో కూర్చున్నాను. పెంటతో విషం విరుగుతుందని అక్కడ మొదటిసారి విన్నాను. నమ్మలేదు. తిరిగొచ్చి, నమ్మినట్టే మొహం పెట్టి, ఆడవాళ్లను కూర్చోబెట్టి చెప్పాను. బాగా మాగిన ఎరువులో కంటికి కనపడని జీవాలు కోట్లకొద్దీ ఉంటాయి, వాటికి తడి, గాలి, తిండి ఇస్తే మట్టిలో ఉన్న మందును కొరికి కొరికి ముక్కలు చేసి అరిగించుకుంటాయి, కొరకలేనిదాన్ని మాగిన ఎరువు తనకు అంటించుకుని మొక్క వేరుకు అందకుండా పట్టి ఉంచుతుంది, ఇదంతా ఒక ఏడాదిలో తేలదు అన్నాను.

"విషం తింటే అవి మాత్రం చావవా?" అంది క్లెమాన్స్.

"కొన్ని చస్తాయి. మిగిలినవి అలవాటు పడతాయి."

"ఓహో, ఈ ఊరి కోడళ్లలాగా అన్నమాట" అంది. అందరూ నవ్వారు. మర్నాడు పారలు పట్టుకుని వచ్చారు.

మొదటి ఏడాది నేనే చెడగొట్టాను. ఇది మా శాఖకు పంపిన నివేదికలో రాయలేదు, ఇప్పుడు చెప్తున్నాను, పింఛను కాగితాల మీద సంతకం అయిపోయింది కాబట్టి ధైర్యం వచ్చింది. గుంటలు తవ్వాం, గడ్డి చాల్లేదు. పత్తి సంఘం చేలో మొక్కజొన్న చొప్ప వృథాగా పడి ఉందని, నేనే దగ్గరుండి బండి మీద వేయించుకొచ్చాను. ఆ చేలో కలుపు మందు కొట్టారని నాకు తెలుసు. ఎండిపోయిన చొప్పలో ఏముంటుందిలే అనుకున్నాను. మూడు నెలలు మాగబెట్టి, నలుపు తిరిగిన ఎరువు చేలో చల్లుదామనేసరికి క్లెమాన్స్ ఆగమంది. సొరబుర్రను రెండుగా కోసి, ఒక చిప్పలో అడివి అంచు మట్టి, రెండో చిప్పలో మన ఎరువు కలిపిన మట్టి పోసి, రెండింట్లోనూ బొబ్బర గింజలు వేసింది. పన్నెండు రోజుల తర్వాత పొద్దున్నే నా గుమ్మంలో ఆ రెండు చిప్పలూ పెట్టి నిలబడింది. ఒకదాంట్లో మొక్కలు పచ్చగా ఉన్నాయి. రెండోదాంట్లో ఆకులు ముడుచుకుని ముసలివాళ్ల చేతివేళ్లలా వంకర్లు పోయాయి.

"ఆఫీసరు గారూ, ఇది ఏ భాషలో ఉందో చదివి పెట్టండి" అంది.

అన్నా అని పిలిచే మనిషి ఆఫీసరు గారూ అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. నాకు చదవక్కర్లేదు, అర్థమైంది. మూడు నెలలు పందొమ్మిదిమంది ఆరువందల గజాల దూరం నుంచి నీళ్లు మోసి చేసిన ఎరువు, పారబోయించాం. ఆమె అరవలేదు. "ఇకనుంచి గుంటలో ఏం పడాలో నేను చెప్తాను, ఎందుకు పడాలో నువ్వు చెప్పు" అంది. ఆ రోజు నుంచి పని అలాగే జరిగింది. నేను శిక్షణలో నేర్చుకున్నదానికన్నా ఆమె కొంగు పట్టుకుని తిరిగి నేర్చుకున్నది ఎక్కువ.

కొండవార గడ్డి తప్ప వేరే గడ్డి ముట్టుకోలేదు. పేడ కోసం యెరో మందను ఎండాకాలమంతా దిగువ చేను పక్కన కట్టించాం, అతనికి జొన్నలిచ్చేవాళ్లు. ఆవులు చేరిన ప్రతి సాయంత్రం క్లెమాన్స్ అడిగేది, "యెరో, నీ ఆవులు ఇవాళ ఎక్కడ మేశాయి?" అని. పత్తి మోళ్లు మేసిన ఆవు పేడ ఆమె తీసుకునేది కాదు. యెరోకు విసుగొచ్చి, "వాటినే అడుగు, నాకన్నా అవే నిజం చెప్తాయి" అన్నాడు. "నిజమే, ఫులానీ ఇంట్లో నిజం చెప్పేది ఆవు ఒక్కటే" అంది. యెరో ఆ మాట ఇప్పటికీ అందరికీ చెప్పుకుని నవ్వుతాడు, తనే అన్నట్టు.

(నవ్వులు)

పొర గడ్డి, పొర పేడ, పిడికెడు బూడిద, పైన నీళ్లు. గుంటలో కర్ర గుచ్చి, పొద్దున్నే పీకి పట్టుకుని చూసేవాళ్లు. చెయ్యి కాలితే బాగా ఉడుకుతున్నట్టు. చల్లగా ఉంటే మళ్లీ తిరగెయ్యాలి. పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలి. మాగినదాన్ని తట్టలతో నెత్తిన మోసి చేనంతా చల్లాలి, మట్టిలో కలపాలి, తడి ఆరకుండా గడ్డి కప్పాలి. ఒక తట్ట కాదు, వంద కాదు. నేను ఒకసారి లెక్కపెట్టడం మొదలుపెట్టి సిగ్గేసి మానేశాను, ఎందుకంటే లెక్కపెట్టేవాడు నేను, మోసేది వాళ్లు. ఇలా ఒక ఏడాది కాదు, ఏడేళ్లు. మొదటి రెండేళ్లు ఊరంతా వీళ్లను 'పెంట పెళ్లాలు' అంది. ఆ పేరు పెట్టినవాళ్లు ఈ సభలో ఉన్నారు. రెండేళ్లకోసారి మట్టి పరీక్షకు పంపేవాణ్ణి. సగానికి తగ్గింది. తర్వాత అందులో సగం. మూడో ఏడాది గినీకోళ్లు దిగాయి. ఆ రోజు రేమోఁద్ అనే ఆమె చేలోంచి ఊళ్లోకి పరుగెత్తుకొచ్చి గినీకోళ్లొచ్చాయి, గినీకోళ్లొచ్చాయి అంటుంటే, ఎవరింట్లోనో కానుపైందనుకున్నారు.

అన్నీ పోతాయని మాత్రం నేను చెప్పను. ఎరువు మంత్రం కాదు. కొన్ని పాత మందులున్నాయి, వాటికి ఇది చాలదు. కొట్టకుండా ఉండటం కొట్టి కడుక్కోవటంకన్నా వెయ్యిరెట్లు నయం, అడుసు తొక్కనేల కాలు కడగనేల. కానీ దిగువ చేలో మన అదృష్టం బాగుంది, వాళ్ల నడుములు గట్టివి. కిందటేడు చివరి కాగితం వచ్చింది. పరికరానికి అందినంత మేరకు ఏమీ లేదు అని రాశారు.

ఇప్పుడు నా మూడో తప్పు చెప్తాను. మొదటిది పాలు, రెండోది చొప్ప, ఇది అన్నిటికన్నా పెద్దది. ఆ కాగితం తెచ్చి క్లెమాన్స్ చేతిలో పెట్టి నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఆమె నాతో ముందే అంది, "అన్నా, ఇది మన మధ్యే ఉండనీ" అని. నాకు గర్వం ఆగలేదు. పోయేముందు నా పేరు మంచిగా వినపడాలని ఆశ. ఊరి సభలో నిలబడి, దిగువ చేను శుభ్రమైంది, జిల్లాలో ఇంత మంచి మట్టి ఇంకెక్కడా లేదు అని గట్టిగా చదివాను. పాడైన భూమి ఆడవాళ్లది, బాగుపడ్డ భూమి అది ఇచ్చిన ఇంటి మగవాళ్లది అనే పద్ధతి ఉన్న ఊళ్లో ఇరవై అయిదేళ్లు బతికి, ఆ మాట అలా చదివిన మూర్ఖుణ్ణి నేను. వారం తిరక్కుండా బావగారి అన్న కొడుకు ద్రామాన్ తాడు పట్టుకుని చేను కొలవడానికి వెళ్లాడు. కోత అయ్యాక అప్పగించెయ్యండి అన్నాడు.

ద్రామాన్, నువ్వు అక్కడున్నావని నాకు తెలుసు. నిన్ను దొంగ అనటం లేదు. నీకు నలుగురు తమ్ముళ్లు, ఎగువ చేను చాలటం లేదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఎగువ చేను ఎందుకు చాలటం లేదు? దానికీ అదే జబ్బు. ఏరు దాటాక తెప్ప తగలేస్తే ఇంకో ఏరు ఎలా దాటుతావు? చేను బాగుచెయ్యటం తెలిసిన పందొమ్మిదిమందిని చేలోంచి పంపేస్తే నీ ఎగువ చేను ఎవరు బాగుచేస్తారు, నేనా? నాకు మోకాళ్ల నొప్పులు.

ఆరు నెలలు ఈ గొడవ ఊళ్లో నలిగింది. బావగారు చూశారు. అన్న కొడుక్కిస్తే ఆడవాళ్లు ఏడుస్తారు, ఆడవాళ్లకిస్తే ఇంట్లో పోరు. పాము చావకుండా కర్ర విరక్కుండా, ఫులానీవాడికి ఇచ్చేస్తే ఎవరూ ఏమీ అనలేరు. వేళాకోళపు చుట్టం మీద కోపం తెచ్చుకోకూడదు కదా. అదీ ఆ 'గారు' వెనకున్న సంగతి. బావగారూ, మీ తెలివికి నమస్కారం. మీ మనసులో నా మీద ప్రేమ కూడా ఉంది, అది నాకు తెలుసు. కానీ నేను ఆ చేలో ఇల్లు కట్టుకుని పొద్దున్నే లేచి ఏ మొహంతో బయటికి చూడను? విషం పోసింది నేను. విరిచింది వాళ్లు. కానుక నాకు.



ఇచ్చిన కానుక వద్దంటే ఇచ్చినవాడికి తలవంపులు. అందుకని మన చుట్టరికంలో ఉన్న హక్కు వాడుకుంటాను. బావగారి నాన్నగారు పోయినప్పుడు మా ఫులానీలు ఏం చేశారో గుర్తుంది కదా. యెరో వెళ్లి తవ్విన గోతిలో పడుకున్నాడు. మా బానిసను మాకు చెప్పకుండా పాతిపెడతారా, అడిగిందిస్తే గాని లేవను అన్నాడు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. అడిగిన కోడిని ఇచ్చేదాకా శవం కదల్లేదు. అలాంటి సమయంలో వేళాకోళపు చుట్టం అడిగింది లేదనకూడదు, అది మీ పెద్దలు పెట్టిన పద్ధతే. ఇవాళ నా ఉద్యోగం చచ్చింది. నేను గోతిలో పడుకున్నాననుకోండి. నాకు చేను వద్దు, ఆ చేనుకు బదులు ఒక్క మాట కావాలి.

అడిగి తెచ్చుకున్న భూమిలో చెట్టు నాటకూడదని మన ఊరి నియమం. చెట్టు నాటితే భూమి నాటినవాడిదవుతుందని. పందొమ్మిదిమందీ ఇన్నేళ్లూ గింజలే వేశారు, ఒక్క మొక్కా పెట్టలేదు, నియమం తప్పలేదు. ఇంకో మూడు వారాల్లో వానలు. దిగువ చేలో వాళ్లు మొక్కలు నాటుకోవచ్చు అని మీ నోటితో అనండి. నాకు ఇంటికి పట్టుకెళ్లడానికి ఆ మాట చాలు. అనకపోయినా నాకు కోపం రాదు, రాకూడదు. కానీ అనేదాకా ఈ మైకు వదలను.

(భూమిపెద్ద కూర్చున్న చోటు నుంచే ఏదో అన్నారు.)

వెనకున్నవాళ్లకు వినపడలేదు, నేను చెప్తాను. "ఏం మొక్కలురా?" అంటున్నారు.

క్లెమాన్స్, నువ్వు చెప్పు. లేచి చెప్పు. అంటు మామిడి అంటోంది.

(భూమిపెద్ద మళ్లీ మాట్లాడారు. కాస్త ఎక్కువసేపు.)

బావగారు అంటున్నారు, "అంటు మామిడికి నీడ ఎక్కువ. మధ్యలో నాటితే కింద నువ్వులు చెడిపోతాయి. గట్ల వెంబడి నాటుకోండి. తూర్పు గట్టున నీరు నిలుస్తుంది, అటు వద్దు" అంటున్నారు.

(చప్పట్లు. ఆడవాళ్ల వైపు నుంచి సంబరపు కేకలు.)

ఆగండి, ఆగండి, నేనింకా దిగలేదు. డైరెక్టరమ్మా, మీరు విన్నారు. మీ దగ్గర కలం ఉంది. గట్ల వెంబడి, తూర్పు గట్టు వద్దు. ఆ మాటలు ఆయన అన్నట్టే రాసి, ఇవాళే ఆయన వేలిముద్ర తీసుకోండి. పద్ధతి మీద నాకు గౌరవం ఉంది, కాగితం మీద కూడా ఉంది. ద్రామాన్, నువ్వు లేచి వెళ్లిపోకుండా కూర్చున్నావు, అందుకు నీకు దణ్ణం. రేపు ఎగువ చేలో గుంట ఎక్కడ తవ్వాలో క్లెమాన్స్ చూపిస్తుంది. తిడుతూ చూపిస్తుంది, భరించు, నేను భరించలేదా.

ఇక నాకు మిగిలింది కృతజ్ఞతలు చెప్పుకోవటం. ఈ సభ చేసిన పత్తి సంఘానికి, పొద్దుటి నుంచి పొయ్యిల దగ్గర ఉడికిపోతున్న తల్లులకు, నా మోపెడ్‌ను ఇరవై ఆరేళ్లు బతికించిన మెకానిక్కుకు, నన్ను భరించిన మా శాఖకు, నాకు భూమి ఇవ్వబోయి అంతకన్నా విలువైనదిచ్చిన మా బానిసకు నమస్కారాలు.

ఒక మాట ఇన్నేళ్లలో ఎన్నిసార్లో అనాలనుకుని అనలేదు. గుంటల దగ్గర నిలబడ్డప్పుడు అనుకున్నాను, నెస్తోర్‌ను పాతిపెట్టిన రోజు అనుకున్నాను, ఏదో ఒక పని కల్పించుకుని వెళ్లిపోయాను. క్లెమాన్స్, ఆ చేను పాడుచేసింది నేను. నీ భర్త భుజాన ఆ పంపు పెట్టింది నేను. నన్ను క్షమించమని అడుగుతున్నాను. ఇంతమంది ముందు అడిగానని నువ్వు ఇప్పుడే ఏదో ఒకటి చెప్పక్కర్లేదు. అసలు చెప్పకపోయినా సరే. అడగాల్సింది అడిగాను. సెలవు.